పాయింటర్, రిఫరెన్స్: బాణం గీసి అర్థం చేసుకోవడం ఎలా

వేగుచుక్క, సాయంకాలపు చుక్క. పేర్లు రెండు, గ్రహం ఒకటే: శుక్రుడు. జర్మన్ తర్కవేత్త గాట్లోబ్ ఫ్రేగె 1892లో రాసిన వ్యాసం ఈ ఉదాహరణతోనే పేరుపడింది. పేరు వేరు, అది చూపే వస్తువు వేరు, ఆ వస్తువును అది చూపించే తీరు ఇంకోటి. "వేగుచుక్క వేగుచుక్కే" అంటే ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ లేదు. "వేగుచుక్కా సాయంకాలపు చుక్కా ఒకటే" అంటే అది ఖగోళశాస్త్రం. పాయింటర్ అంటే మెమరీలో ఇంకో వస్తువు ఉన్న చోటును దాచుకునే వేరియబుల్, కాగితం మీద దాన్ని బాణంగా గీస్తాం. పాయింటర్ల దగ్గర చిక్కుకుపోయేవాళ్లలో చాలామందికి అడ్డుపడేది సింటాక్స్ కాదు, ఈ తేడాయే.

కాబట్టి కింది అడుగులన్నిటా మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ లైనులో మారుతున్నది బాణమా, బాణం చివర ఉన్న వస్తువా?

ఇక్కడి కోడ్ ముక్కలు తెలుగు లిపిలో ఉన్నాయి. కంపైలర్‌కు ఇచ్చేటప్పుడు కీవర్డ్‌లను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

1. ముందు కాగితం మీద గళ్లు గీయండి

సీ భాషలో ఈ మూడు లైన్లు చూడండి:

ఇంట్ వయసు = 30;
ఇంట్ *పి = &వయసు;
*పి = 31;

మొదటి లైనుకు ఒక గడి గీయండి. పైన "వయసు" అని పేరు, లోపల 30, కింద మూలన చిరునామా 1000 (అంకె మీ ఇష్టం, కాగితమే కదా). ఇప్పటి మామూలు కంప్యూటర్లలో ఇంట్‌కు 4 బైట్లు, కాబట్టి ఆ గడి 1000 నుంచి 1003 దాకా. రెండో లైనుకు ఇంకో గడి: పేరు "పి", చిరునామా 1008, లోపల రాయాల్సింది 1000. 64 బిట్ సిస్టమ్‌లో ఈ గడికి 8 బైట్లు. పి చూపేది ఒక్క ఇంట్ అయినా, వెయ్యి బైట్ల స్ట్రక్చర్ అయినా ఆ 8 మారదు. లోపల ఉన్నది వస్తువు కాదు, వస్తువు ఉన్న చోటు. పి గడిలోంచి వయసు గడికి బాణం గీయండి.

మూడో లైను వచ్చేసరికి బాణం వెంట వెళ్లి, చివర ఉన్న 30ని కొట్టేసి 31 రాయండి. పి గడిలో ఉన్న 1000 అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పాయింటర్‌కు కూడా తనకంటూ ఒక గడి, ఆ గడికో చిరునామా ఉన్నాయన్న సంగతి బొమ్మ గీయకపోతే మర్చిపోతాం. మూడో అడుగులో వచ్చే తప్పుకు మూలం ఈ మరుపే.

నిజం చిరునామా చూడాలంటే ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన ఇంగ్లీషు అక్షరం పి పెట్టి పాయింటర్‌ను ప్రింట్ చేయండి. ప్రోగ్రాం మళ్లీ నడిపితే అంకె మారిపోవచ్చు. కంగారు పడకండి. దాడి చేసేవాళ్లు చిరునామాలు ఊహించలేకుండా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిసారీ మెమరీ అమరికను కలిపేస్తుంది. అందుకే చిరునామాను ఫైల్లో దాచుకుని మర్నాడు వాడుకుందామంటే కుదరదు.

2. గుర్తులను పైకి చదవండి

నక్షత్రం గుర్తుకు రెండు పనులున్నాయి. డిక్లరేషన్‌లో (వేరియబుల్‌ను ప్రకటించే లైనులో) కనిపిస్తే "ఇది పాయింటర్" అని. మిగతా చోట్ల, వేరియబుల్ ముందు ఒంటరిగా కనిపిస్తే "బాణం వెంట వెళ్లు" అని. & గుర్తుదీ అదే కథ. సీలో వేరియబుల్ ముందుంటే "దీని చిరునామా ఇవ్వు". సీ ప్లస్ ప్లస్ డిక్లరేషన్‌లో టైప్ పక్కనుంటే "ఇది మారుపేరు". ఒకే గుర్తుకు రెండు అర్థాలు అంటగట్టడం మంచి డిజైన్ అని ఎవరూ అనరు గానీ, ఉన్నదాంతో నెట్టుకురావాలి.

ఒక ఉచ్చు ఉంది:

ఇంట్* ఎ, బి;

ఎ, బి రెండూ పాయింటర్లే అనిపిస్తుంది. కాదు. నక్షత్రం అతుక్కునేది పేరుకే, టైప్‌కు కాదు. ఎ పాయింటర్, బి మామూలు ఇంట్. లైనుకు ఒక్క పాయింటర్ చొప్పున డిక్లేర్ చేస్తే ఈ గొడవే ఉండదు.

కాన్‌స్ట్ (మార్చకూడదని చెప్పే కీవర్డ్) కలిస్తే కుడి నుంచి ఎడమకు చదవండి. "కాన్‌స్ట్ ఇంట్ *పి" అంటే పి ఒక పాయింటర్, అది చూపే ఇంట్‌ను దాని ద్వారా మార్చకూడదు. "ఇంట్ *కాన్‌స్ట్ పి" అంటే బాణమే స్థిరం, చివర ఉన్నదాన్ని మార్చుకోవచ్చు. బాణమా, వస్తువా అన్న మన ప్రశ్నే ఇది. కంపైలర్ దాన్ని సింటాక్స్‌లో అడుగుతోంది, అంతే.

3. ఫంక్షన్‌లోకి ఏది వెళ్తోందో చూడండి

ఈ తప్పు చేయకుండా సీ నేర్చుకున్నవాళ్లు అరుదు:

వాయిడ్ తయారు(ఇంట్ *పి) {
  పి = మాలక్(10 * సైజాఫ్(ఇంట్));
}

ఇంట్ *జాబితా = నల్;
తయారు(జాబితా);
జాబితా[0] = 5;

చివరి లైనులో ప్రోగ్రాం కూలుతుంది. "పాయింటర్ పంపాను కదా, లోపల మార్చింది బయటికి రావాలి కదా" అనేది సందేహం.

గళ్లు గీయండి. జాబితా ఒక గడి, లోపల నల్, అంటే ఏ చోటునూ చూపని విలువ. ఫంక్షన్‌ను పిలవగానే పి అనే కొత్త గడి పుడుతుంది. జాబితాలోని విలువ, అంటే నల్, అందులోకి కాపీ అవుతుంది. సీలో ఫంక్షన్‌కు ఏది పంపినా కాపీయే వెళ్తుంది, పాయింటర్‌కు మినహాయింపు లేదు. మాలక్ (కొత్త మెమరీ తెచ్చిపెట్టే ఫంక్షన్) ఇచ్చిన చిరునామా పి గడిలో పడింది. ఫంక్షన్ ముగియగానే పి గడి పోయింది, దాంతోపాటు ఆ 40 బైట్లకు ఉన్న ఏకైక దారీ పోయింది. జాబితా గడిలో నల్ అలాగే ఉంది. ఒకే దెబ్బకు రెండు బగ్‌లు: ఒక లీక్ (దారి పోయి వృథాగా మిగిలిన మెమరీ), ఒక క్రాష్.

కొంచెం మార్చి చూడండి. లోపల "పి = ..." బదులు "*పి = 7" అని రాసి, బయటి నుంచి &వయసు పంపితే వయసు మారుతుంది. బాణం కాపీ అయినా రెండు బాణాలూ చూపేది ఒకే గడిని. చివర ఉన్న వస్తువును మారిస్తే అందరికీ కనిపిస్తుంది. బాణాన్నే తిప్పితే తిప్పినవాడికి మాత్రమే.

బాణాన్నే తిప్పాలంటే బాణం ఉన్న గడి చిరునామా పంపాలి: పారామీటర్ "ఇంట్ **పి", లోపల "*పి = మాలక్(...)", పిలిచేటప్పుడు "తయారు(&జాబితా)". ఇది పనిచేస్తుంది గానీ, చదవడానికి తేలికైన మార్గం ఇంకోటుంది: కొత్త పాయింటర్‌ను ఫంక్షన్ రిటర్న్ చేయాలి, పిలిచినవాళ్లు జాబితాలో పెట్టుకోవాలి. రెండు నక్షత్రాలను వేరే దారి లేనప్పుడే వాడండి.

4. సీ ప్లస్ ప్లస్ రిఫరెన్స్: పుట్టుకతోనే కట్టుబడ్డ మారుపేరు

ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ (కూడిక లాంటి గుర్తులకు మన సొంత టైప్‌ల మీద అర్థం ఇవ్వడం) సాఫీగా సాగడానికి సీ ప్లస్ ప్లస్ సృష్టికర్త బ్యార్నె స్ట్రౌస్ట్రప్ తన భాషలో రిఫరెన్స్‌ను చేర్చారు. "ఇంట్ &ర = ఎ;" అంటే ర అనేది ఎకు ఇంకో పేరు. కాగితం మీద కొత్త గడి గీయకండి. ఎ గడి మీదే రెండో పేరు రాయండి.

ఇప్పుడు "ర = బి;" రాస్తే? ర వెళ్లి బిని చూపుతుందనుకుంటారు. చూపదు. బిలోని విలువ ఎలోకి కాపీ అవుతుంది. ఒకసారి కట్టిన రిఫరెన్స్‌ను విప్పి ఇంకోదానికి కట్టలేం. పుట్టేటప్పుడే దేనికో ఒకదానికి కట్టాలి, ఖాళీగా ఉంచడానికి వీల్లేదు.

ఎప్పుడు ఏది అంటారా? పెద్ద వస్తువును ఊరికే చదవడానికి పంపుతుంటే కాన్‌స్ట్ రిఫరెన్స్. తప్పకుండా ఉండే వస్తువును మార్చాలంటే రిఫరెన్స్. "ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అన్నప్పుడూ, మధ్యలో ఇంకోదాన్ని చూపాల్సి వచ్చినప్పుడూ పాయింటర్. ఇంట్ లాంటి చిన్నవాటికి ఏదీ అక్కర్లేదు, కాపీయే చవక.

5. పాయింటర్‌కు ఒకటి కలిపితే ఒక బైటు కాదు

పి 1000ని చూపుతుంటే పి + 1 విలువ 1001 కాదు, 1004. పాయింటర్ అడుగు తను చూపే టైప్ సైజంత. ఎ[3] అనేది *(ఎ + 3)కి కుదించిన రూపం. ఈ లెక్కన 3[ఎ] అని రాసినా సీ ఒప్పుకుంటుంది. ఇది సరదాకు చెప్పిన మాట, కోడ్‌లో పెట్టకండి.

నిజంగా దెబ్బతీసేది ఇంకోటి. 10 ఇంట్‌ల అర్రే మీద సైజాఫ్ వాడితే 40 వస్తుంది. అదే అర్రేను ఫంక్షన్‌కు పంపి, లోపల పారామీటర్ మీద సైజాఫ్ వాడితే 8 వస్తుంది. ఫంక్షన్‌లోకి వెళ్లింది అర్రే కాదు, దాని మొదటి గడిని చూపే పాయింటర్. కాబట్టి అర్రేతోపాటు ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో ఆ లెక్క కూడా వేరే పారామీటర్‌గా పంపాలి. చివరి గడి దాటాక వచ్చే మొదటి చోటును పాయింటర్ చూపొచ్చు, లూప్ ఆపడానికి అది పనికొస్తుంది. అక్కడికి వెళ్లి చదవడం మాత్రం తప్పు.

6. పైథాన్, జావాల్లో బాణాలు కనబడవు, అంతే

పైథాన్‌లో వేరియబుల్ అంటే గడి కాదు, వస్తువుకు కట్టిన చీటీ. బొమ్మ గీసేటప్పుడు పేర్లన్నీ ఎడమవైపు, వస్తువులన్నీ కుడివైపు రాసి మధ్యలో బాణాలు గీయండి.

ఎ = [1, 2]
బి = ఎ
బి.అపెండ్(3)

ఇప్పుడు ఎ ప్రింట్ చేస్తే 1, 2, 3. లిస్ట్ ఒకటే, చీటీలు రెండు. మూడో లైను బదులు "బి = [9]" అని ఉంటే ఎ మారదు, బి చీటీని విప్పి వేరే లిస్ట్‌కు కట్టారు. సమం గుర్తుకు ఎడమవైపు ఉత్త పేరు ఉంటే బాణం తిరుగుతుంది. పేరు తర్వాత చుక్కో, చదరపు బ్రాకెట్లో ఉంటే వస్తువు మారుతుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే పైథాన్‌లో సగం సందేహాలు తీరతాయి.

మిగిలిన సగంలో మొదటిది: [[0] * 3] * 3. చూడ్డానికి మూడు వరసల పట్టిక. నిజానికి ఒకే వరస, దానికి మూడు బాణాలు. మొదటి వరసలో సున్నాను 1 చేస్తే మూడు వరసల్లోనూ మారినట్టు కనిపిస్తుంది. లిస్ట్ కాంప్రిహెన్షన్‌తో రాస్తే వరసలు విడివిడిగా పుడతాయి. రెండోది: ఫంక్షన్ పారామీటర్‌కు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ ఇవ్వడం. ఆ లిస్ట్, ఫంక్షన్‌ను నిర్వచించే డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే పుడుతుంది, ప్రతి పిలుపులోనూ అదే వస్తుంది, నిన్నటి సరుకు ఇవాళ కూడా అందులోనే ఉంటుంది. డిఫాల్ట్‌గా నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు" అనే విలువ) పెట్టి, లోపల కొత్త లిస్ట్ తయారుచేసుకోండి. మూడోది: కాపీ. మామూలు కాపీ పై లిస్ట్‌ను మాత్రమే కొత్తగా చేస్తుంది, లోపలి లిస్టులకు పాత బాణాలే ఉంటాయి. అడుగుదాకా కొత్తవి కావాలంటే కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడాలి.

రెండు సమం గుర్తులు "లోపలి సరుకు ఒకటేనా" అని అడుగుతాయి. ఇజ్ మాత్రం "వస్తువు అదేనా" అని అడుగుతుంది. అంకెల మీద ఇజ్ వాడి మోసపోయేది ఎందుకంటే, మామూలు పైథాన్ -5 నుంచి 256 దాకా పూర్ణాంకాలను ముందే తయారుచేసి పంచుకుంటుంది. చిన్న అంకెలతో టెస్ట్ చేస్తే పాసవుతుంది, పెద్ద అంకె వచ్చిన రోజు పోతుంది. ఆ హద్దు భాష నియమం కాదు, వెర్షన్‌ను బట్టి మారొచ్చు. ఇజ్‌ను నన్‌తో పోల్చడానికి ఉంచుకోండి. జావాలో ఇది తలకిందులు: అక్కడ వస్తువుల మధ్య రెండు సమం గుర్తులు పెడితే బాణాలనే పోలుస్తాయి, స్ట్రింగ్‌లోని సరుకు పోల్చాలంటే ఈక్వల్స్ పిలవాలి.

అన్నట్టు, జావాలో పాయింటర్లు లేవని పాఠాల్లో చెబుతారు. అక్కడ అందరికీ పరిచయమున్న ఎర్రర్ పేరు నల్ పాయింటర్ ఎక్సెప్షన్.

7. బాణం చివర ఇంకా ఏదైనా ఉందా?

తర్కవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1905లో ఒక వాక్యం మీద పెద్ద చర్చే చేశారు: "ఇప్పటి ఫ్రాన్స్ రాజుకు బట్టతల." ఫ్రాన్స్‌లో రాజు లేడు. వాక్యం వ్యాకరణపరంగా నిక్షేపంలా ఉంది, బాణం చివర మాత్రం శూన్యం. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషను రూపొందిస్తూ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ నల్ రిఫరెన్స్‌ను ప్రవేశపెట్టారు. అమలు చేయడం తేలిక కాబట్టి ఆ ప్రలోభానికి లొంగానని, అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే చెప్పుకున్నారు.

నా లెక్కలో నల్ నయం. దాన్ని ముట్టుకోగానే ప్రోగ్రాం సాధారణంగా అక్కడే కూలుతుంది, తప్పు ఎక్కడో తెలుస్తుంది. భయపడాల్సింది బతికున్నట్టు కనిపించే బాణానికి. ఈ నాలుగింటిని వెతకండి:

- విలువ ఇవ్వకుండా వదిలేసిన లోకల్ పాయింటర్. అందులో ఏ చెత్త ఉంటే అటు చూపుతుంది. పుట్టగానే నల్ అయినా పెట్టండి.
- ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్ చిరునామాను రిటర్న్ చేయడం. ఫంక్షన్ ముగిశాక ఆ చోటు ఎవరిదీ కాదు. దాని మీద ఇంకో ఫంక్షన్ రాసేదాకా పాత విలువే కనిపించవచ్చు. అందుకే "నిన్న పనిచేసింది, ప్రింట్ లైను తీసేస్తే పోయింది" అన్న ఫిర్యాదులు. వార్నింగ్‌లు ఆన్ చేస్తే తేలిగ్గా కనబడే రకాన్ని కంపైలరే పట్టిస్తుంది.
- ఫ్రీ చేశాక (మెమరీని తిరిగి ఇచ్చేశాక) వాడటం, లేదా రెండోసారి ఫ్రీ చేయడం. ఫ్రీ చేసిన వెంటనే ఆ పాయింటర్‌ను నల్ చేయడం మంచి అలవాటే గానీ, అదే చోటును చూపే వేరే కాపీలు ఉంటే అవి అలాగే మిగులుతాయి.
- సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లోని (పెరగగల అర్రేలోని) ఐటమ్‌కు రిఫరెన్స్ తీసుకుని, ఆ తర్వాత పుష్‌బ్యాక్ చేయడం, అంటే చివర ఇంకో ఐటమ్ చేర్చడం. చోటు చాలకపోతే వెక్టర్ మొత్తం కొత్త చోటికి మారిపోతుంది, మీ రిఫరెన్స్ పాత చోటునే చూపుతూ ఉంటుంది. పది ఐటమ్స్‌తో టెస్ట్ చేస్తే బయటపడకపోవచ్చు. రిఫరెన్స్ బదులు ఇండెక్స్ దాచుకోండి.

వీటిని కంటితో వెతికి అలసిపోవద్దు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ అడ్రస్ శానిటైజర్ ఫ్లాగ్ ఉంది. దానితో కంపైల్ చేసి నడిపితే, ఫ్రీ చేసిన మెమరీని ముట్టుకున్న క్షణంలో ఆపి మూడు చోట్లు చూపిస్తుంది: ముట్టుకున్నది ఎక్కడ, ఫ్రీ చేసింది ఎక్కడ, మొదట తీసుకున్నది ఎక్కడ. ప్రోగ్రాం సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది. మళ్లీ కంపైల్ చేయలేని పరిస్థితి ఉంటే వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ సాధనం వాడండి, అది ఇంకా చాలా నెమ్మది. శానిటైజర్ రిపోర్టును ముందు "ఫ్రీ చేసింది ఎక్కడ" అన్న భాగంతో మొదలుపెట్టి చదవండి. తప్పు తరచుగా అక్కడే ఉంటుంది, కూలిన చోట కాదు.

కొత్తగా రాసే సీ ప్లస్ ప్లస్‌లో న్యూ, డిలీట్ (మెమరీ తీసుకోవడం, వదలడం) చేత్తో రాయాల్సిన అవసరం దాదాపు లేదు. 2011 ప్రమాణంతో వచ్చిన యునీక్ పాయింటర్‌తో మొదలుపెట్టండి: వస్తువుకు యజమాని ఒక్కరే, యజమానితోపాటే వస్తువూ పోతుంది. షేర్డ్ పాయింటర్ (యజమానులు ఎందరో లెక్కపెట్టి, లెక్క సున్నా కాగానే వస్తువును వదిలేది) దగ్గర జాగ్రత్త. రెండు వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకుంటే లెక్క సున్నాకు రాదు, రెండూ విడుదల కావు. అలాంటి జతలో ఒకవైపు ఆ లెక్కలోకి రాని వీక్ పాయింటర్ పెట్టాలి. రస్ట్ భాష ఇంకో అడుగు ముందుకేసి, ఒక వస్తువుకు మార్చగల రిఫరెన్స్ ఒకటి లేదా చదివే రిఫరెన్స్‌లు ఎన్నైనా, రెండూ ఒకేసారి కుదరవని కంపైల్ సమయంలోనే పట్టుబడుతుంది.

8. అదే పరీక్ష మీ వాక్యాలకూ పెట్టండి

కామెంట్లు, మాన్యువల్, బగ్ రిపోర్టు రాసేటప్పుడు "అది, ఇది, తన, ఆయన, అక్కడ" అన్న ప్రతి మాట కిందా గీత గీసి, అది చూపేదాని దాకా బాణం వేయండి. బాణం రెండు చోట్లకు వెళ్తే పేరు రాయాలి. ఎక్కడికీ వెళ్లకపోతే వాక్యమే మార్చాలి.

తెలుగు ఇక్కడ ఒక సాయం చేస్తుంది. "రాము సోముకి తన ఫోన్ ఇచ్చాడు" అంటే ఫోన్ రాముది. "రాము సోముకి అతని ఫోన్ ఇచ్చాడు" అంటే రాముది కాదు, సోముదో మరొకరిదో. "తన" కర్త దగ్గరికే వెళ్లే బాణం. ఇంగ్లీషు సర్వనామాల్లో ఈ తేడా దొరకదు. కానీ ఇంకో చోట తెలుగు చేయి వదిలేస్తుంది. "కమల ఫైల్ పంపింది. ఇంకా రాలేదు." ఎవరు రాలేదు, కమలా, ఫైలా? "రాలేదు" అన్న క్రియలో లింగం లేదు, వచనం లేదు, పురుష లేదు. కర్తను మనం వదిలేశాం. టైప్ చెప్పని పాయింటర్ అది. పోనీ "వచ్చింది" అని ఉన్నా గట్టెక్కం, స్త్రీకీ వస్తువుకూ రూపం ఒకటే. "ఆయన మార్చారు" తీసుకుంటే మర్యాదకూ బహువచనానికీ ప్రత్యయం ఒకటే, "వారు మార్చారు" అంటే ఒకరో పదిమందో తెలియదు. రిపోర్టులో ఇలాంటి చోట కర్తను మళ్లీ రాయండి, చెవికి కొంచెం బరువైనా సరే.

"పైన చెప్పినట్టు", "12వ పేజీలో చూడండి" అనేవి ఉత్త చిరునామాలు. మధ్యలో ఒక పేరా చేర్చగానే వెక్టర్ చోటు మారినట్టు అవన్నీ పాత చోటును చూపుతాయి. పేజీ నంబర్ బదులు శీర్షిక పేరు రాయండి. వర్డ్ ప్రాసెసర్‌లో క్రాస్ రిఫరెన్స్ సదుపాయం ఉంటే దానితో పెట్టి, పంపే ముందు ఫీల్డ్‌లన్నీ ఒకసారి అప్‌డేట్ చేయండి. ఆ శీర్షికను ఎవరైనా తీసేసి ఉంటే, రిఫరెన్స్ దొరకలేదన్న ఎర్రర్ అప్పుడే బయటపడుతుంది.